పరాయివాడిగానే పాతికేళ్ళు: డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు

భీమవరంలో 1895లో పుట్టిన సుబ్బారావు గారు మెట్రిక్ పరీక్ష రెండుసార్లు తప్పి, మూడోసారి గట్టెక్కారు. మద్రాసులో వైద్యం చదివి, భార్యను ఇంటి దగ్గర వదిలి 1923 అక్టోబరులో అమెరికాలోని బోస్టన్ చేరారు. భారతీయులు తెల్లవారు కారు కనుక పౌరసత్వానికి అనర్హులని అక్కడి సుప్రీంకోర్టు ఆ ఫిబ్రవరిలోనే తీర్పు చెప్పింది. మన వైద్య పట్టాతో అక్కడ డాక్టరు ఉద్యోగం రాలేదు. పొట్టకూటి కోసం ఆసుపత్రిలో రాత్రిపూట రోగుల మలమూత్ర పాత్రలు కడిగారు. హార్వర్డ్‌లో చదువు మాత్రం మానలేదు.

1925లో ఫిస్కేతో కలిసి రక్తంలో భాస్వరాన్ని కొలిచే పద్ధతి కనుగొన్నారు. అది ఇద్దరి పేర్లతోనే ప్రసిద్ధమైంది. అయినా హార్వర్డ్‌లో శాశ్వత ఉద్యోగం దక్కలేదు. 1940లో లెడర్లీ మందుల కంపెనీలో చేరారు. విదేశీయులంతా వేలిముద్రలు వేసి పేరు నమోదు చేయించుకోవాలనే చట్టం వచ్చిందీ ఆ ఏడే. ఆ వేళ్ళతోనే ఆయన పని చేశారు. ఆయన బృందం ఫోలిక్ ఆమ్లాన్ని, ఆరియోమైసిన్‌ను, బోదకాలుకు వాడే డి.ఇ.సి. మందును లోకానికి అందించింది.

1946లో చట్టం మారి భారతీయులకు పౌరసత్వం పొందే వీలు కలిగింది. ఆయన మాత్రం అమెరికా పౌరుడు కాకుండానే, స్వదేశానికి తిరిగి రాకుండానే 1948 ఆగస్టులో 53 ఏళ్ళ వయసులో కన్నుమూశారు.

మిత్రులారా! ఒక దేశం ఆయనను పరాయివాడన్నది. ఆయన మందులు మాత్రం ఏ రోగినీ నీదే దేశమని అడగలేదు. పరీక్ష తప్పిన రోజున, ఎవరైనా మనల్ని వేరుగా చూసిన రోజున ఈ భీమవరం కుర్రవాడిని తలచుకుందాం.