న్యూటను బాల్యక్రీడలు

ఇంగ్లండు దేశమున లింకన్‌షైరు మండలములో ఊల్‌స్థోర్ప్ అను చిన్న పల్లె కలదు. ఆ పల్లెలో ఒక రైతు కుటుంబమున 1642 వ సంవత్సరము డిసెంబరు 25 వ తేదీన ఐజాకు న్యూటను జన్మించెను. ఇది ఆ కాలమున ఆ దేశములో వాడుకలోనున్న పాత పంచాంగమును బట్టి చెప్పిన తేదీ. నేటి లెక్కకు 1643 జనవరి 4 అగును. పుట్టిన శిశువు మిక్కిలి చిన్నదిగా, దుర్బలముగా నుండెను. అది బ్రతుకునని ఎవరును తలంపలేదు. తండ్రి అంతకు సుమారు మూడు మాసముల పూర్వమే మరణించెను. బాలునకు మూడేండ్లు వచ్చినప్పుడు తల్లి హన్నా మరియొక గ్రామమందలి మతాచార్యుని పెండ్లాడి, బిడ్డను అమ్మమ్మకడ విడిచి వెళ్లెను.

తండ్రి నెరుగక, తల్లికి దూరమై పెరిగిన బాలుడు మితభాషియు, ఏకాంతప్రియుడును అయ్యెను. తోటి పిల్లలతో కలిసి పరుగులెత్తుట అతనికి అంతగా రుచింపలేదు. అట్లని అతనికి ఆటలు లేవనుకొనరాదు. అతని ఆటలు వేరు విధమైనవి. ఊల్‌స్థోర్ప్‌నకు చేరువనున్న కోల్‌స్టర్‌వర్త్ గ్రామపు దేవాలయములో నీడగడియారము చెక్కిన రాతిపలక యొకటి కలదు. న్యూటను తొమ్మిదేండ్ల ప్రాయమున దానిని చెక్కెనని ఆ ప్రాంతపువారు చెప్పుకొందురు.

పండ్రెండవ యేట అతనిని గ్రాంథమ్ పట్టణమందలి పాఠశాలకు పంపిరి. ఆ పట్టణము ఊల్‌స్థోర్ప్‌నకు ఏడు మైళ్ల దూరమున నున్నది. ప్రతిదినము వచ్చి పోవుట సాధ్యము కాదు గనుక, మందులు నూరి అమ్ము క్లార్కు అను వర్తకుని యింట అతనికి బస ఏర్పాటు చేసిరి. అచట అతనికి అటకమీద ఒక గది దొరకెను. క్రింద అంగడిలో చూర్ణములు, తైలములు, ఆమ్లములు, వానిని కలుపు విధానములు చూచుటకు అవకాశము లభించెను. పాఠశాలలో మాత్రము ముఖ్యముగా బోధించునది లాటిను భాష. మొదట న్యూటను ఆ చదువుపై శ్రద్ధ చూపలేదు. కడపటి తరగతిలో కడనుండి రెండవ స్థానమున నుండెను.

తల్లి పంపు చిల్లర డబ్బుతో ఇతర బాలురు తినుబండారములు కొనుక్కొనుచుండగా, ఇతడు చిన్న రంపములు, గొడ్డళ్లు, సుత్తెలు, ఉలులు కొనెను. పాఠశాల విడిచిన వెంటనే అటక యెక్కి కొట్టుట, కోయుట, చెక్కుట ప్రారంభించెడివాడు. ఇంటిలోని బాలికల బొమ్మలకు చిన్న బల్లలు, బీరువాలు చేసి ఇచ్చెను. గది గోడలనిండ బొగ్గుతో పక్షులను, మృగములను, మనుష్యులను, ఓడలను చిత్రించెను. వాని నడుమ వృత్తములును త్రిభుజములును గీసెను.

ఆ రోజులలో గ్రాంథమ్ సమీపమున బాటప్రక్కన ఒక గాలిమరను కట్టుచుండిరి. ఆ ప్రాంతమున అట్టి యంత్రము క్రొత్త. జనులు గుంపులుగా పోయి చూచి వచ్చుచుండిరి. న్యూటనును పోయెను, కాని చూచి ఊరకుండలేదు. పనివారు ఏ చక్రము దేనితో కూర్చుచున్నారో, రెక్కల తిరుగుడు తిరుగలికి ఏరీతిగా చేరుచున్నదో దినదినమును గమనించెను. పిదప కొయ్యతో దాని నమూనా నొకదానిని స్వయముగా నిర్మించి, రెక్కలకు గుడ్డ తొడిగి, ఇంటికప్పుమీద నిలిపెను. గాలికి అది చక్కగా తిరిగెను. అయినను అతనికి తృప్తి కలుగలేదు. గాలి లేనినాడు మర నిలిచిపోవును గదా! అందుచే అతడొక ఎలుకను పట్టి, అది త్రొక్కగా తిరుగు చక్రము నొకదానిని మరలో అమర్చెను. ఎలుక తోకకు దారము కట్టి లాగెనని కొందరును, చక్రముపైన దానికి అందీయందని చోట గింజలుంచి ఆశ చూపెనని కొందరును చెప్పిరి. ఎట్లు నడిపినను మర నడిచెను. ఆ ఎలుకకు న్యూటను మరవాడని పేరు పెట్టెను. విసరుటకు వేసిన గింజలను మరవాడే తినివేయుచున్నాడని అతడు నవ్వుచు ఫిర్యాదు చేసెడివాడట!

తరువాత అతడు నీటి గడియారము చేసెను. సుమారు నాలుగడుగుల యెత్తున్న కొయ్యపెట్టె యొకటి దొరకగా, దానిపై అంకెలు వేసిన పలకను, ముల్లును అమర్చెను. నీరు బొట్టుబొట్టుగా కారుచుండగా దానితోపాటు కదలు కొయ్యముక్క ముల్లును త్రిప్పును. మన దేశమునను పూర్వము అడుగున చిల్లిగల గిన్నెను నీటిపై నుంచి, అది మునుగుటకు పట్టు కాలమును ఒక గడియగా లెక్కించెడివారు. న్యూటను ప్రతి ఉదయమును తన గడియారమునకు నీరు పోసెడివాడు. ఇంటివారందరును దానినిబట్టియే వేళ తెలిసికొనుచుండిరి. అంతటితో ఆగక ఇంటిగోడలకు మేకులు కొట్టి, వాని నీడలు ఏ వేళకు ఎచట పడునో గుర్తులు పెట్టి నీడగడియారములు చేసెను. ఇరుగుపొరుగువారు కూడ ఐజాకు గడియారమును చూచి పోవుట వాడుకయ్యెను.

శీతకాలమున చీకటితో పాఠశాలకు పోవలసి వచ్చెడిది. అందులకై అతడు ముడతలుపడు కాగితపు లాంతరు చేసికొని, తెల్లవారగానే మడిచి జేబులో వేసికొనెడివాడు. గాలిపటములకు ఏ ఆకారము మంచిదో, దారములు ఎచట కట్టవలెనో పలుమారులు మార్చి చూచెను. ఒక రాత్రి అట్టి లాంతరును గాలిపటపు తోకకు కట్టి ఎగురవేసెను. పల్లెవారు దానిని తోకచుక్కయని భ్రమించి భయపడిరి. మరునాడు సంతకు వచ్చినవారికి అదియే ముచ్చట.

1658 సెప్టెంబరులో, ఇంగ్లండును పాలించుచుండిన క్రాంవెల్ మరణించిన దినమున, గొప్ప గాలివాన వచ్చెను. బాలురు దూకుడు పందెము వేసికొనిరి. దేహబలమున న్యూటను వారిలో అగ్రగణ్యుడు కాడు. అతడు గాలి విసరు సమయము కనిపెట్టి, ఒకసారి గాలివెంట దూకెను. ఒకసారి గాలికెదురుగా దూకెను. నేలపై గుర్తులు పెట్టి రెండు దూరములను కొలిచెను. గాలిలేని దినమున తాను దూకగల దూరముతో వానిని పోల్చి, గాలి బలమును లెక్కకట్టెను. ఈనాటి గాలి ఇదివరకటి గాలికన్న ఒక అడుగు బలమైనదని అతడు చెప్పగా, తోటివారు అర్థము గాక తెల్లబోయిరి. పందెములో గెలుపు మాత్రము అతనిదే.

ఇట్టి పనులవలన పాఠములు వెనుకబడుచుండెను. ఒకనాడు తనకన్న పై స్థానమందున్న బాలుడొకడు అతనిని కడుపులో తన్నెను. సాయంకాలము ఇరువురును పోరాడిరి. న్యూటను చిన్నవాడయ్యును వదలక పోరి అతనిని ఓడించెను. అంతటితో మనసు చల్లారలేదు. చదువునందును వానిని మించవలెనని పట్టుబట్టి, క్రమముగా పాఠశాలలో ప్రథముడయ్యెను.

అప్పుడు పెద్ద చిక్కు వచ్చిపడెను. తల్లి రెండవ భర్త అంతకు కొన్నియేండ్ల పూర్వమే మరణించుటచే ఆమె ఊల్‌స్థోర్ప్‌నకు తిరిగి వచ్చియుండెను. కుమారునకు పదునారేండ్లు దాటెను. ఇక వ్యవసాయము చూచుకొనవలెనని ఆమె నిశ్చయించి, అతనిని పాఠశాల మాన్పించెను. ఆమె కోరిక అన్యాయమైనది కాదు. పొలమున్నది, గొర్రెలున్నవి, పెద్దకొడుకు గాక మరెవ్వరు చూతురు? కాని న్యూటను పొలమునకు పోయి కంచెనీడను పుస్తకము తెరచి కూర్చుండెడివాడు. లేదా కాలువకు అడ్డుకట్ట వేసి, నీటిచక్రము త్రిప్పుచు భోజనము మరచెడివాడు. గొర్రెలు పరుల చేలలో పడెడివి. 1659 అక్టోబరులో గ్రామ న్యాయస్థానము అతనికి, గొర్రెలను అదుపులో నుంచనందుకు మూడు షిల్లింగుల నాలుగు పెన్నీలును, పందులు చేనిలో పడినందుకు ఒక షిల్లింగును, కంచె బాగుచేయనందుకు మరియొక షిల్లింగును జరిమానా విధించెను. ఆ తీర్పు నేటికిని దస్తావేజులలో కానవచ్చుచున్నది.

సంతదినమున సేవకునితో గ్రాంథమ్ పంపిన, బేరసారములు సేవకునకు విడిచి, పాత అటకగదికి పోయి క్లార్కు పుస్తకములు చదువుచుండెడివాడు. ఒకసారి గుర్రమును కళ్లెముపట్టి కొండ యెక్కించుచు ఆలోచనలో మునిగెను. పైకి చేరి ఎక్కబోవ గుర్రము లేదు. కళ్లెము మాత్రము చేతిలో నున్నది. 1659 లో అతడొక చిన్న నోటుపుస్తకము కొని, జాన్ బేట్ అను నతడు వ్రాసిన ప్రకృతి కళల రహస్యములను గూర్చిన గ్రంథమునుండి రంగులు కలుపుట, బొమ్మలు గీయుట మున్నగు విషయములను దానిలో ఎత్తి వ్రాసికొనెను. పొలమున చేయవలసిన పనిలో అతని మనస్సు ఎంతమాత్రమును లేదు.

పాఠశాల ప్రధానోపాధ్యాయుడు హెన్రీ స్టోక్స్ ఊరకుండలేకపోయెను. ఆయన తల్లికడకు వచ్చి, ఇట్టి బాలుని పొలమున పాతిపెట్టుట తగదని వేడుకొనెను. పొరుగూరి విద్యార్థులు చెల్లించు నలువది షిల్లింగుల రుసుమును తాను విడిచెదననెను. మేనమామయు ఆయన పక్షమే వహించెను. తుదకు తల్లి సమ్మతించెను. న్యూటను తిరిగి గ్రాంథమ్ చేరి, ఉపాధ్యాయుని యింటనే యుండి కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయమునకు సిద్ధమయ్యెను. అతడు వెడలు దినమున స్టోక్స్ అతనిని బాలురందరి యెదుట నిలిపి కన్నీటితో ప్రశంసించెను. ఇంటి సేవకులును సంతోషించిరి. విశ్వవిద్యాలయమునకు తప్ప మరి దేనికిని పనికిరాని ఆ చిన్నవాని పీడ వదలెనని వారి సంతోషము!

1661 లో న్యూటను ట్రినిటీ కళాశాలలో, పరులకు పరిచర్య చేయుచు చదువుకొను విద్యార్థిగా చేరెను. 1665 లో పట్టభద్రుడయ్యెను. ఆ వేసవిలోనే మహామారి వ్యాపింపగా విశ్వవిద్యాలయమును మూసివేసిరి. అతడు స్వగ్రామమునకు వచ్చి రెండేండ్లలో అధికభాగము అచటనే గడపెను. ఆపిలుపండు కథ అందరెరిగినదే గనుక ఇచట విడిచెదను. ఆ కాలముననే అతడు గది కిటికీలు మూసి, ఒక చిన్న రంధ్రముగుండ సూర్యకిరణమును రానిచ్చి, గాజుపట్టకముపై పడజేసెను. ఎదుటి గోడపై ఇంద్రధనుస్సు రంగులు పరచుకొనెను. తెల్లని వెలుగు పలురంగుల కూడికయనియు, ఒక్కొక్క రంగు ఒక్కొక్క కొలతన వంగుననియు ఇట్టి ప్రయోగములచే అతడు స్థిరపరచెను.

ఇందుండి అతనికి మరియొక విషయము స్ఫురించెను. దూరదర్శినిలోని గాజుకటకము కూడ వెలుగును వంచును గదా! అందుచేతనే దానిలో చూచిన వస్తువుల అంచులకు రంగులు పట్టుచున్నవి. ఈ దోషమును గాజుతో సవరింపజాలమని అతడు తలంచెను. ఈ విషయమున అతడు పొరబడెను. తరువాతి శతాబ్దమున అట్టి కటకములను చేసినవారున్నారు. కాని ఆ పొరబాటే అతనిని అద్దమువైపు త్రిప్పెను. అద్దము అన్ని రంగులను ఒకే రీతిగా మరల్చును. అట్టి అద్దముతో దూరదర్శిని చేయవలెనని ఇతరులు ఊహించియుండిరి. కాని చేసి చూపినవారు లేరు. 1668 లో న్యూటను రాగి, తగరము మొదలగువానిని తానే కరగించి, పోతపోసి, అద్దమును తానే అరగదీసి మెరుగుపెట్టెను. గొట్టమును తానే చేసెను. ఆ పనికి కావలసిన పనిముట్లను కూడ తానే చేసికొనెను. గ్రాంథమ్ అటకమీద ఉలి పట్టిన చేతులే అవి. ఆ యంత్రము పొడవు సుమారు ఆరంగుళములు. అది వస్తువులను దాదాపు 40 రెట్లు పెద్దవిగా చూపెను. దానితో అతడు గురుగ్రహపు ఉపగ్రహములను, శుక్రుని నెలవంకను చూచెను. 1671 చివర అట్టి మరియొకదానిని లండనులోని రాయల్ సొసైటీకి పంపగా, విద్వాంసులు ఆశ్చర్యపడి 1672 జనవరిలో అతనిని సభ్యునిగా ఎన్నుకొనిరి.

పిమ్మటి కీర్తి లోకవిదితము. 1687 లో చలన నియమములను, గురుత్వాకర్షణ సిద్ధాంతమును వివరించు మహాగ్రంథము వెలువడెను. 1696 లో అతడు ప్రభుత్వ టంకశాలలో ఉద్యోగియయ్యెను. 1703 లో రాయల్ సొసైటీకి అధ్యక్షుడయ్యెను. 1705 లో రాణిచే సర్ బిరుదము పొందెను. 1727 మార్చి 20 వ తేదీన మరణింపగా వెస్ట్‌మినిస్టర్ ఆబీలో సమాధి చేసిరి.

ఆ యేడే స్టూక్లీ యను వైద్యుడు గ్రాంథమ్‌లోని వృద్ధులను అడిగి, న్యూటను బాల్యవృత్తాంతములను సేకరించెను. ఎలుక మరయు, తోకచుక్కయు మనకు ఆయన వ్రాతలవలననే తెలిసినవి. క్లార్కు ఇంట న్యూటనుతో కలిసి పెరిగిన బాలిక అప్పటికి ఎనుబది దాటిన ముదుసలి. తమ బొమ్మలకు అతడు చేసి ఇచ్చిన చిన్న బల్లలు ఆమెకు ఇంకను జ్ఞప్తియందుండెను. బొగ్గు బొమ్మలు వేసిన పాత యిల్లు అంతకు ముందే పడగొట్టబడినది. నీటి గడియారము మాత్రము, దానిని చేసినవాడు కేంబ్రిడ్జి వెళ్లిన పిదపకూడ, చాలకాలము ఆ యింట నుండెనని వారు చెప్పిరి.