అక్కలకు కథ చదివి వినిపించిన భీమ్‌రావు

మన హాస్టల్ వార్షికోత్సవ సంచికలో బాబాసాహెబ్ డాక్టర్ బి.ఆర్. అంబేడ్కర్ గారి మీద వ్యాసం తప్పకుండా ఉంటుంది. రాజ్యాంగ రచన, మహద్ చెరువు, రౌండ్ టేబుల్ సమావేశాలు, 1956 నాటి బౌద్ధ దీక్ష... ఇవన్నీ ఏటా ఏప్రిల్ 14న మైకులో వింటూనే పెరిగాం. అందుకని ఈసారి మేము వాటి జోలికి ఎక్కువగా పోవడం లేదు. ఆయన చిన్ననాటి అలవాటు ఒకదాన్ని గురించి రాయదలచుకున్నాం. వేలమంది నోరు మెదపకుండా విన్న ఆ గొంతు ఎక్కడ తయారైంది? మాకు దొరికిన జవాబు చాలా చిన్నది. వాళ్ళ ఇంట్లో, రాత్రి పడుకోబోయే ముందు.

భీమ్‌రావు 1891 ఏప్రిల్ 14న మౌ పట్టణంలో రామ్‌జీ సక్పాల్, భీమాబాయి దంపతులకు పద్నాలుగో సంతానంగా పుట్టాడు. పుట్టిన వాళ్ళలో ఎక్కువమంది దక్కలేదు. చిన్నతనంలోనే తల్లి పోయింది. మేనత్త మీరాబాయి పెంచింది. తండ్రి సైన్యంలో సుబేదారు, సైనికుల బడిలో చాలాకాలం ప్రధానోపాధ్యాయుడిగా పనిచేసినవాడు. కబీరు పంథాకు చెందినవాడు, క్రమశిక్షణ విషయంలో చాలా కఠినుడు.

సతారా బడిలో ఆ పిల్లవాడి పరిస్థితి మనకు తెలిసిందే. తరగతి గదిలో ఒక మూల, ఇంటి నుంచి తెచ్చుకున్న గోనెపట్టా మీద కూర్చోవాలి. బడి ఊడ్చే మనిషి కూడా ఆ పట్టాను ముట్టుకోడు. సాయంత్రం దాన్ని చుట్టుకొని ఇంటికి తీసుకుపోవాలి, మర్నాడు మళ్ళీ తెచ్చుకోవాలి. దాహం వేస్తే ప్యూను వచ్చి కుళాయి తిప్పాలి. ప్యూను రాని రోజు నీళ్ళు లేవు. తర్వాత బొంబాయి ఎల్ఫిన్‌స్టన్ హైస్కూలులో ఒకసారి ఉపాధ్యాయుడు బోర్డు మీద లెక్క చేయమని పిలిస్తే, తోటి పిల్లలు పరుగెత్తుకెళ్ళి బోర్డు వెనక పెట్టుకున్న తమ టిఫిన్ డబ్బాలు తీసేసుకున్నారు. ఇటువంటి చోట పిల్లవాడికి నోరు ఎలా పెగులుతుంది? తనతో ఎవరూ మాట్లాడని చోట, తన మాట ఎవరికీ అక్కర్లేని చోట మాట నేర్చుకోవడం సాధ్యం కాదు. ఈ సంగతి మనలో చాలామందికి వేరే పుస్తకం చూసి తెలుసుకోవలసిన అవసరం లేదు.

కాని ఇంట్లో సంగతి వేరు. రామ్‌జీ ఒక నియమం పెట్టారు. రోజూ పడుకోబోయే ముందు భీమ్‌రావు, ఆయన అన్నగారు రామాయణ, మహాభారతాల్లో కొంత భాగం పైకి చదవాలి. తమ కోసం చదువుకోవడం కాదు, అక్కలకు వినిపించాలి. కథ వినడానికి ఇరుగుపొరుగు వాళ్ళు కూడా వచ్చి కూర్చునేవారు. ఇది ఒకరోజు రెండురోజుల ముచ్చట కాదు, ఏళ్ళ తరబడి సాగింది. పిల్లలు ఇష్టపడి చేశారని కూడా అనుకోనక్కర్లేదు, తండ్రి మాట కాబట్టి చేశారు.

పగలు బడిలో గోనెపట్టా మీద మూల కూర్చున్న అదే పిల్లవాడు రాత్రి తన ఇంట్లో పదిమంది మధ్య కూర్చుని చదువుతున్నాడు. అందరి కళ్ళూ అతని మీదే. గొంతు తగ్గిస్తే వెనకవాళ్ళకు వినపడదు. గబగబా చదివితే అర్థం కాదు. ఎక్కడ ఆపాలో, ఏ మాటను ఒత్తి పలకాలో వినేవాళ్ళ ముఖాలే చెబుతాయి. ఇంట్లో రోజూ వాడే మాటలు కొద్ది, అన్నం, నీళ్ళు, పని, డబ్బులు. పుస్తకంలో అంతకు పదింతల మాటలుంటాయి. అవి చెవిన పడి, నోట పలికి, మెల్లగా పిల్లవాడి సొంతమవుతాయి. పైకి చదవడం వల్ల ఉచ్చారణ మాత్రమే బాగుపడుతుందని చాలామంది అనుకుంటారు. మా దృష్టిలో అసలు లాభం అది కాదు. తాను నోరు విప్పితే వినేవాళ్ళు ఉన్నారన్న నమ్మకం అసలు లాభం.

ఇంకో మెట్టు కూడా ఉంది. చదివిన దాన్ని పిల్లవాడు ప్రశ్నించాలి. భీమ్‌రావు అదే చేశాడు. పై కులాల గొప్పతనాన్ని చెప్పి, శూద్రులను అంటరానివారిని తక్కువ చేసిన ఈ కథలు మనం ఎందుకు చదవాలని తండ్రిని అడిగాడు. పిచ్చి ప్రశ్నలు వేయకు, చెప్పింది చెయ్యమని రామ్‌జీ కసురుకున్నారు. ఆ ఇంట్లో తండ్రికి ఎదురు మాట్లాడే ధైర్యం తల్లిలేని ఈ పిల్లవాడికి ఒక్కడికే ఉండేది. కొంతకాలం ఆగి మళ్ళీ అదే అడిగాడు. ఈసారి తండ్రి జవాబు ఆలోచించుకుని ఉన్నారు. అంటరానివాళ్ళం కాబట్టి పిల్లల్లో తక్కువవాళ్ళమన్న భావం పుట్టే ప్రమాదం ఉందని, దాన్ని పోగొట్టడానికే చదివిస్తున్నానని, ద్రోణుడు, కర్ణుడు, వాల్మీకి చిన్న స్థితి నుంచి ఎంత ఎత్తుకు ఎదిగారో చూడమని అన్నారు. ఆ మాటలో కొంత బలం ఉందని పిల్లవాడు ఒప్పుకున్నాడు గాని తృప్తి పడలేదు. మహాభారతంలో తనకు ఏ పాత్రా నచ్చలేదని, వాలి విషయంలో, సీత విషయంలో రాముడు చేసినది కూడా నచ్చలేదని ముఖం మీదే చెప్పేశాడు. తండ్రి మౌనంగా ఉండిపోయారు. రామ్‌జీ గారి గొప్పతనం ఆ మౌనంలోనే ఉందని మాకనిపిస్తుంది. ఇంకో తండ్రయితే బెత్తం తీసేవాడు.

భీమ్‌రావు పరీక్ష పాసైనప్పుడు కులపెద్దలు అభినందన సభ పెడతామన్నారు. పిల్లవాడికి తలకెక్కుతుందని రామ్‌జీ మొదట వద్దన్నారు. రచయిత, ఉపాధ్యాయుడు అయిన కృష్ణాజీ అర్జున్ కేలుస్కర్ గారు నచ్చజెప్పాక సభ జరిగింది. చర్నీ రోడ్డు తోటలో చదువుకుంటూ కూర్చునే ఈ కుర్రవాడిని కేలుస్కర్ గారు ముందే గమనించి ఉన్నారు. ఆ సభలో తాను రాసిన బుద్ధుని జీవిత చరిత్రను బహుమతిగా ఇచ్చారు. ఆ పుస్తకం ఎంత దూరం తీసుకుపోయిందో వేరే చెప్పనక్కర్లేదు.

బొంబాయిలో వాళ్ళది పరేల్ ప్రాంతంలో ఒక్క గది. వంట, పొగ, సామాను అన్నీ అందులోనే. కొడుకు తొందరగా పడుకునేవాడు, తండ్రి రాత్రి రెండింటి దాకా మేలుకుని ఉండి కొడుకును లేపి, అప్పుడు ఆ చోటులో తాను నడుం వాల్చేవాడు. తలవైపు తిరగలి, కాళ్ళ దగ్గర మేక, చిమ్నీ లేని కిరోసిన్ దీపం. కొడుకు పుస్తకం కావాలంటే రామ్‌జీ పెళ్ళయిన కూతుళ్ళ ఇళ్ళకు వెళ్ళి అప్పు అడిగేవారు. చేతిలో డబ్బు లేకపోతే వాళ్ళు నగ తీసి ఇచ్చేవారు. దాన్ని తాకట్టు పెట్టి పుస్తకం కొని, పింఛను రాగానే విడిపించేవారు. ఒకప్పుడు తమ్ముడి నోట కథ విన్న అక్కలే వీళ్ళు.

తర్వాతి సంగతులు త్వరగా చెబుతాం. 1907లో మెట్రిక్, 1912లో బి.ఏ., 1913లో న్యూయార్క్ కొలంబియా విశ్వవిద్యాలయం. 1918లో బొంబాయి సిడెన్‌హామ్ కళాశాలలో ఆచార్యుడిగా చేరినప్పుడు ఈయనేం చెబుతాడులే అనుకున్న విద్యార్థులు కొద్దిరోజుల్లోనే శ్రద్ధగా వినసాగారు. వేరే కళాశాలల వాళ్ళు కూడా వచ్చి కూర్చునేవారట. 1919లో సౌత్‌బరో కమిటీ ముందు సాక్ష్యమిచ్చారు. 1920 జనవరి 31న పత్రిక మొదలుపెట్టి దానికి మూక్‌నాయక్ అని పేరు పెట్టారు, మూగవాళ్ళ నాయకుడని అర్థం. 1927లో మహద్‌లో పల్లె జనానికి మరాఠీలోనూ, 1930లో లండన్‌లో ప్రభుత్వ పెద్దలకు ఇంగ్లీషులోనూ మాట్లాడారు. ఎవరికి ఏ మాట ఎలా చెప్పాలో తెలిసిన మనిషి.

మనకు దగ్గరి విషయం ఒకటుంది. ఆయన 1924లో స్థాపించిన బహిష్కృత హితకారిణి సభ 1925 జనవరి 4న షోలాపూర్‌లో ఒక హాస్టల్ తెరిచింది, బొంబాయిలో ఉచిత పఠనాలయం పెట్టింది. విద్యార్థులతో సరస్వతీ విలాస్ అనే మాసపత్రిక కూడా నడిపించింది. మనం ఈ సంచిక తెస్తున్నామంటే కొత్తగా చేస్తున్న పనేమీ కాదన్నమాట.

మూడో తరగతిలో హాస్టల్‌కు వచ్చే తమ్ముళ్ళను మేము చూస్తూనే ఉన్నాం. అధికారులెవరైనా వచ్చి పేరేమిటని అడిగితే తల దించుకుంటారు. రాక కాదు, వాళ్ళ నోటి నుంచి పదిమంది వినేది రోజు మొత్తంలో హాజరు పిలిచినప్పుడు పలికే ఒక్క మాటే. రామ్‌జీ గారింట్లో కథకు పట్టిన సమయం పావుగంటో అరగంటో అయి ఉంటుంది. స్టడీ అవర్ చివర అంత సమయం తీసి, ఒక్కో రోజు ఒక్కొక్కడు చందమామ కథో, తెలుగు వాచకంలో పాఠమో మిగతావాళ్ళకు చదివి వినిపిస్తే ఖర్చేమీ లేదు. పెద్దవాళ్ళం చేయవలసిందల్లా కూర్చుని వినడం, తప్పు పలికితే నవ్వకపోవడం, ప్రశ్న అడిగితే కసరకపోవడం.

బాబాసాహెబ్ గారు 1956లో, తన చివరి సంవత్సరంలో, బుద్ధుడు ఆయన ధమ్మం అనే గ్రంథానికి రాసుకున్న ముందుమాటలో ఆ రాత్రులను గుర్తు చేసుకున్నారు. అక్కలకు చదివి వినిపించడం, కథకు వచ్చి కూర్చున్న జనం, తండ్రితో వాదన అన్నీ అందులో ఉన్నాయి. డిసెంబరు 6న ఆయన కన్నుమూశారు. గ్రంథం 1957లో అచ్చయింది. ఆ ముందుమాట మాత్రం అందులో లేదు, చాలా ఏళ్ళ తర్వాత విడిగా వెలుగులోకి వచ్చింది.