ఇటాలిక్ వెనుక ఇద్దరు

పుస్తకంలో ఒక మాట నొక్కి చెప్పాలన్నా, శుభలేఖ మీద ఇంగ్లీషు పేర్లు ముచ్చటగా రావాలన్నా మనవాళ్లు అడిగేది ఇటాలిక్ టైపునే. కుడివైపు కాస్త వాలి, కలంతో రాసినట్టుండే ఆ అక్షరాన్ని అచ్చులోకి తెచ్చిన ఆల్డస్ మనూషియస్ మొదట మన లెక్చరర్లలాగే పాఠాలు చెప్పుకునే మనిషి. అందుకే ఆయన కథ ఈ సంచికలో ఉండాలనిపించింది నాకు.

ఆల్డస్ 1450 ప్రాంతాల్లో రోముకు దక్షిణాన బాసియానో అనే చిన్న ఊళ్లో పుట్టాడు. లాటిన్, గ్రీకు చదివి, కార్పి రాజకుమారులకు గురువయ్యాడు. నలభై ఏళ్ల వయసులో వెనిస్ చేరి, అక్కడే అచ్చాఫీసు పెట్టాడు. 1495-98 మధ్య అరిస్టాటిల్ గ్రంథాలను ఐదు సంపుటాలుగా గ్రీకులోనే వేశాడు. మామూలు సాహసం కాదది!

1501లో వర్జిల్ కావ్యాలను చేతిలో ఇమిడే చిన్న సైజులో తెచ్చాడు. అంతకుముందు ఆ సైజులో వచ్చినవి ఎక్కువగా ప్రార్థన పుస్తకాలే. ఇక కావ్యాన్ని కూడా వెంట పట్టుకుపోవచ్చు. ఆ పుస్తకానికి ఆనాటి పండితులు, రాయసగాళ్లు గబగబా రాసే వాలు రాతనే టైపుగా చేయించాడు. పుస్తకమంతా అదే టైపు. పెద్దక్షరాలు మాత్రం నిటారుగానే ఉండేవి.

ఆ టైపును చెక్కింది బొలోన్యాకు చెందిన ఫ్రాన్సెస్కో గ్రిఫో. ఉక్కు ముక్క మీద ఒక్కో అక్షరాన్ని తిరగేసి చెక్కాలి. దాన్ని రాగి మీద కొట్టి అచ్చు తీయాలి. అందులో కరిగిన లోహం పోయాలి. చేతిరాతలో కలిసిపోయే అక్షరాల జంటలను విడిగా మళ్లీ చెక్కాలి. కలం ఒక్క ఊపులో చేసే పనికి ఇంత చాకిరీ అన్నమాట.

ఆల్డస్ ఆ పుస్తకంలోనే గ్రిఫోను మెచ్చుకుంటూ చిన్న పద్యం వేశాడు. కానీ ఆ టైపును వెనిస్ రాజ్యంలో ఇంకెవరూ వాడకూడదని ప్రభుత్వం నుంచి హక్కు రాయించుకున్నది మాత్రం తన పేరునే. గ్రిఫో వెనిస్ వదిలి, ఫానోలో సొంచీనో అనే ముద్రాపకుడికి మరో ఇటాలిక్ చెక్కాడు. 1503లో సొంచీనో వేసిన పెట్రార్క్ పుస్తకం ముందుమాట, ఆ అక్షరానికి అసలు కర్త గ్రిఫోయేనని చాటింది.

లియాన్ నగరంలో దొంగ ముద్రణలు మొదలైతే, అదే ఏడు ఆల్డస్ వాటిలోని తప్పులన్నీ పట్టిక వేసి ప్రకటించాడు. వాళ్లు హాయిగా ఆ పట్టిక చూసుకుని తప్పులు దిద్దుకున్నారు!

1515 ఫిబ్రవరిలో ఆల్డస్ కన్నుమూస్తే, శవం చుట్టూ ఆయన వేసిన పుస్తకాలు పేర్చారు. 1985లో వచ్చిన పేజ్‌మేకర్‌ను తయారుచేసిన అమెరికా కంపెనీ కూడా ఆల్డస్ పేరే పెట్టుకుంది. మన డి.టి.పి. సెంటర్లు ఏళ్ల తరబడి తెలుగు పేజీలు కట్టింది దాంతోనే.

చదువుకునేవాడి చేతికి పుస్తకం అందించినందుకు ఆల్డస్‌కు నేను దణ్ణం పెడతాను. ఆ హక్కు పత్రంలో గ్రిఫో పేరు లేకపోవడం మాత్రం నాకు మింగుడుపడదు. సంపాదక మిత్రులకో మనవి: సావనీర్ చివర ప్రెస్సు పేరు ఎలాగూ వేస్తారు, పేజీలు కట్టిన మనిషి పేరు కూడా పక్కన వేయండి.