లెక్కలోకి రాని కుటుంబాలు

డేటా సైన్స్‌లోకి వెళ్లాలనుకుంటున్నారా? అయితే జె.బి.ఎస్. హాల్డేన్ గురించి తెలుసుకోవాల్సిందే. 1892లో ఆక్స్‌ఫర్డ్‌లో పుట్టిన ఆయన చదివింది గణితం, ప్రాచీన గ్రీకు, లాటిన్ సాహిత్యం. సైన్స్ డిగ్రీ లేదు. అయినా లండన్ యూనివర్సిటీ కాలేజీలో జన్యుశాస్త్ర ప్రొఫెసర్ అయ్యారు.

ఆయన పట్టించుకున్న ఓ చిక్కుని మా నాదెండ్ల నుంచే చెప్తా. మా వైపు మేనరికాలు కొత్తేం కాదు. ఆలుమగలిద్దరూ ఆరోగ్యంగానే ఉంటారు. కానీ ఇద్దరిలోనూ ఒకే జబ్బు జన్యువు దాగి ఉంటే, పుట్టే ప్రతి బిడ్డకీ ఆ జబ్బు వచ్చే అవకాశం 25 శాతం. మరి ఆస్పత్రి రికార్డులు చూస్తే అంతకంటే ఎక్కువ కనిపిస్తుంది. ఎందుకు?

పెన్నూ పేపరూ తీసుకోండి. ఇద్దరేసి పిల్లలున్న అలాంటి కుటుంబాలు 16 అనుకుందాం. పిల్లలు 32 మంది. సగటున 8 మందికి జబ్బు. అయితే 9 కుటుంబాల్లో ఎవరికీ రాదు. వాళ్లు ఆ జబ్బుతో ఆస్పత్రికి రారు, లెక్కలోకీ రారు. మిగిలిన 7 ఇళ్లలో పిల్లలు 14 మంది, జబ్బు 8 మందికి. అంటే 57 శాతం! ఒక బిడ్డ జబ్బుతో ఉన్న తల్లి, రెండో బిడ్డ సంగతేంటని అడిగితే ఈ అంకె చెప్పడం ఎంత అన్యాయం!

ఈ తేడాని సవరించే దారి జర్మనీ డాక్టర్ వైన్‌బర్గ్ ముందే చూపారు. 1930ల్లో హాల్డేన్ దానికి మరింత కచ్చితమైన గణితం సమకూర్చారు. 1937లో జూలియా బెల్‌తో కలిసి, హిమోఫీలియా, వర్ణాంధత్వం జన్యువులు ఒకే క్రోమోజోమ్‌పై దగ్గరగా ఉన్నాయని కుటుంబ వృక్షాల లెక్కలతోనే తేల్చారు.

1957లో కలకత్తాలోని ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌కి వచ్చారు. తర్వాత భారత పౌరుడయ్యారు. అక్కడ ఆయన శిష్యుడైన మన పిఠాపురం కుర్రాడు ద్రోణంరాజు కృష్ణారావు, ఆంధ్రలోని మేనరికాలపై లెక్కలు సేకరించారు.

1964 డిసెంబర్ 1న భువనేశ్వర్‌లో హాల్డేన్ కన్నుమూశారు. ఆయన కోరిక మేరకు దేహాన్ని కాకినాడ రంగరాయ మెడికల్ కాలేజీకి ఇచ్చారు, విద్యార్థుల చదువు కోసం.

రేపు మీ చేతికో డేటా ఫైల్ వస్తుంది. కోడ్ రాసే ముందు ఒక్క ప్రశ్న వేసుకోండి: ఇందులోకి రాకుండా మిగిలిపోయింది ఎవరు?