పండిత రమాబాయి: వ్రతాల నుంచి కృప వరకు

పండిత రమాబాయి బాల్యమంతా తీర్థయాత్రల్లోనే గడిచింది. తండ్రి అనంతశాస్త్రి డోంగ్రే ఊరూరా పురాణాలు చదివి, చేతికందిన ధనాన్ని దానాలకు వెచ్చించేవారు. స్నానాలు, ఉపవాసాలు పుణ్యాన్ని కూడబెడతాయని ఆ కుటుంబం విశ్వసించింది. 1870ల కరువులో తల్లిదండ్రులు, అక్క మరణించగా, రమాబాయి అన్నతో కలిసి కాలినడకన దేశం తిరిగారు. 1878లో కలకత్తా పండితులు ఆమెకు సరస్వతి బిరుదునిచ్చారు.

వివాహమైన రెండేళ్లకే భర్తను కోల్పోయిన ఆమె, 1883లో ఇంగ్లండ్‌లో బాప్తిస్మం పొందారు. మనసు మాత్రం కుదుటపడలేదు. ఎనిమిదేళ్ల తరువాత, విలియం హాస్లమ్ అనే ఆంగ్ల మతాచార్యుని ఆత్మకథ ఆమె చేతికి వచ్చింది. మతాచార్యుడిగా ఉంటూనే ఆలస్యంగా మారుమనస్సు పొందినవాడాయన. అది చదివాక, తనకు క్రైస్తవ మతం దొరికిందే గాని క్రీస్తు దొరకలేదని రమాబాయికి తోచింది. రక్షణ అనేది బాప్తిస్మంతోనో సత్కార్యాలతోనో సంపాదించుకునేది కాదని, కృపగా స్వీకరించవలసినదని ఆమె నిశ్చయించుకున్నారు.

విశేషమేమంటే, క్రియలు రక్షించవని నమ్మిన తరువాతే ఆమె సేవ విస్తరించింది. 1896-97 కరువులో మధ్య పరగణాలకు వెళ్లి, ఆకలితో అలమటిస్తున్న బాలికలను పుణె సమీపంలోని కేడ్గావ్‌కు తీసుకువచ్చారు. అక్కడి ఆశ్రమానికి ముక్తి అని పేరు. 1900 నాటికి అందులో ఎంతోమంది ఆశ్రయం పొందారు. చివరి ఏళ్లలో బైబిలును మరాఠీలోకి అనువదించిన రమాబాయి 1922 ఏప్రిల్ 5న కన్నుమూశారు.