తాగుబోతులకు తల్లి సిస్టర్ ఇగ్నేషియా

తాగుడు పాపమని మందలించి ఊరుకుంటాం. అది జబ్బు కూడానని గుర్తించి, మంచం వేసి సేవచేసిన ఒక మఠకన్య జీవితం ఇది.

సిస్టర్ ఇగ్నేషియా 1889లో ఐర్లండులో జన్మించారు. బాల్యంలోనే అమెరికా చేరారు. 1914లో మఠంలో ప్రవేశించి సంగీతం నేర్పేవారు. పనిభారంతో ఆరోగ్యం దెబ్బతినగా, ఆమెను ఏక్రన్ పట్టణంలోని సెయింట్ థామస్ ఆసుపత్రిలో రోగులను చేర్చుకునే పనిలో పెట్టారు.

ఆ రోజుల్లో తాగుబోతులను ఆసుపత్రులు చేర్చుకునేవి కావు. 1939 ఆగస్టులో డాక్టర్ బాబ్ స్మిత్ ఒక రోగి కోసం అడిగారు. ఆ డాక్టరు కూడా తాగుడు నుండి బయటపడినవారే. సిస్టర్ కడుపు జబ్బని రాసి రోగిని చేర్చుకున్నారు. ఇతరుల కంట పడకుండా పూలు సర్దే గదిలో ఉంచారు.

తర్వాత అక్కడ ప్రత్యేక వార్డు ఏర్పడింది. చికిత్స సుమారు ఐదు రోజులు. వైద్యంతోపాటు, తాగుడు మానినవారు వచ్చి తమ అనుభవం చెప్పేవారు. ఇంటికి వెళ్ళేవారికి సిస్టర్ తిరుహృదయ బ్యాడ్జి ఇచ్చేవారు. మళ్ళీ తాగాలనుకుంటే ముందు దాన్ని తెచ్చి తిరిగి ఇవ్వాలని షరతు! 1952లో క్లీవ్‌లాండులో రోజరీ హాల్ అనే వార్డు ప్రారంభించారు. 1966 ఏప్రిల్ 1న ప్రభువులో నిద్రించారు.

మన ఇంట్లో మత్తుకు బానిసైనవారుంటే పరువుకోసం దాచవద్దు. డాక్టరుకు చూపిద్దాం. మానినవారి సహవాసంలో చేర్పిద్దాం. ప్రార్థనతోపాటు ఆ రెండూ అవసరమని సిస్టర్ జీవితం నేర్పుతోంది.