మూలుగ పరీక్ష - మన సుబ్బారావుగారు

డాక్టరు యల్లాప్రగడ సుబ్బారావుగారు 1895లో భీమవరంలో జన్మించారు. స్ప్రూ అనే గ్రహణి జబ్బు ఆయన అన్నగారిని బలిగొన్నది. మద్రాసులో వైద్యం చదివి 1923లో అమెరికా వెళ్ళారు. మరల స్వదేశం చూడలేదు.

రక్తం పుట్టేది ఎముకల మూలుగలో. రక్తపరీక్షతో జబ్బు తేలకపోతే, పెద్దలకు తుంటి ఎముక వెనుక మొద్దుబారే మందిచ్చి, సూదితో కొంచెం మూలుగ తీసి, గాజుపలకపై పరచి సూక్ష్మదర్శినిలో చూస్తారు. ఎదగని పెద్ద ఎర్రకణాలు కనబడితే సాధారణంగా ఫోలిక్ ఆమ్లమో, బి12 విటమినో కొరవడినట్లు. ముదరని తెల్లకణాలు కిక్కిరిసివుంటే ల్యుకీమియా.

ఈ రెండు జబ్బులకూ సుబ్బారావుగారి కృషి అక్కరకు వచ్చింది. లెడర్లీ సంస్థలో ఆయన బృందం 1945 నాటికి ఫోలిక్ ఆమ్లాన్ని తయారుచేసింది. అన్నగారిని తీసుకుపోయిన స్ప్రూలో కలిగే రక్తహీనతకు అది మందయింది. దానికి ఎదురు పనిచేసే అమినోప్టెరిన్, 1948లో ల్యుకీమియా పిల్లలకు కొంతకాలం ఉపశమనమిచ్చింది. ఆ కోవలోని మెథోట్రెక్సేట్ నేటికీ పెద్దలకూ వాడుతున్నారు. ఆ 1948లోనే న్యూయార్కులో ఆయన కన్నుమూశారు.

పరాయి గడ్డపై బ్రతికే మనం ఈ ఉగాదినాడు ఆ మహనీయుని పేరు మన పిల్లలకు చెప్పుదాము. డాక్టరు మూలుగ పరీక్ష అవసరమంటే, సూదికి బెదిరి వాయిదా వేయకుందాము. జబ్బు పేరు తెలిస్తేనే గదా తగిన మందు!